చెవికి చేరిన తెలుగు – ఇయర్‌ఫోను పూర్వోత్తరములు

కంప్లి పేరు వినినంతనే చదువరులకు కంపిలిరాయడును, కుమారరాముడును జ్ఞప్తికి వత్తురు. 1327లో ఢిల్లీ సుల్తాను మహమ్మదు బిన్ తుగ్లకు సేనలు కంపిలి రాజ్యమును కూల్చిన వృత్తాంతమును, తదుపరి ఈ తుంగభద్రా తీరముననే విజయనగరము వెలసిన వైనమును పెద్దలు పలుమార్లు వ్రాసిరి, ఇక ముందును వ్రాయుదురు. నేనా జోలికి పోను. ముప్పదియెనిమిది సంవత్సరములు దస్త్రములు కట్టిన గుమాస్తాను. రాజుల చరిత్రకు నా మెట్రిక్యులేషను చదువు చాలదు. అరచేతిలో ఇమిడి, చెవిరంధ్రమున దూరు ఒక చిన్న వస్తువు చరిత్రను మాత్రము నాకు తెలిసినంత వ్రాసెదను. దానిని ఇయర్‌ఫోను అందురు. పాటకును మాటకును పనికివచ్చు ఇయర్‌ఫోనును ఎట్లు ఎన్నుకొనవలెనని మన కుటుంబములలోని పెద్దలు కొందరు నన్ను అడుగుచున్నారు. ఆ ప్రశ్నకు సమాధానము దుకాణములోకంటె చరిత్రలోనే ఎక్కువగా దొరకునని నా అనుభవము.

ఇంత చిన్న వస్తువునకు చరిత్ర యేల యని నవ్వువారుందురు. మన సంగతి ఒక్కసారి ఆలోచింపుడు. కంప్లి ప్రాంతమున తెలుగువారు రెండు తెగలు. చెన్నరాజధాని కాలమునకు ముందునుండి ఇచ్చట స్థిరపడినవారు మొదటివారు. తుంగభద్ర ఆనకట్ట నీరు పారిన పిమ్మట కోస్తా జిల్లాలనుండి వచ్చి భూములు కొని, క్యాంపులు కట్టుకొని, వరి పండించినవారు రెండవవారు. రెండు తెగలవారి పిల్లలకును బడి కన్నడము, లేదా ఇంగ్లీషు. నేను చదివినదియు కన్నడ బడియే. తెలుగు అక్షరములు మా తండ్రిగారు సాయంకాలములందు పలకపై దిద్దించినవి. కన్నడ లిపికిని మన లిపికిని గల పోలికవలన అది నాకు కష్టము కాలేదు. కాని అట్లు దిద్దించు తండ్రులు ఇపుడు అరుదు. మా యిండ్లలో తెలుగు మాటలాడువారు పదిమంది యుండిన, తెలుగు చదువువారు ఇద్దరుందురేమో. అనగా ఈ గడ్డపై మన భాష కంటిద్వారా గాక చెవిద్వారా బ్రతుకుచున్నది. చెవిలో పెట్టుకొను వస్తువును గూర్చి పట్టించుకొనుటకు ఇంతకంటె కారణము వలదు.

యంత్రములు రాకపూర్వము బళ్ళారి సీమవారు తెలుగును ఎట్లు వినిరో ముందు చెప్పవలెను. ధర్మవరము రామకృష్ణమాచార్యులవారు (1853–1912) బళ్ళారిలో న్యాయవాదిగా నుండి, 1886 ప్రాంతమున ‘చిత్రనళీయము’ రచించి, సరసవినోదినీ సభ పక్షమున నాటకములాడించిరి. నాటకమున పద్యములను, పాటలను రాగయుక్తముగా పాడించు పద్ధతిని ఆంధ్రదేశమున నిలిపినవారిలో ఆయన అగ్రగణ్యులు. ఆంధ్రనాటక పితామహుడను బిరుదు అందుకే వచ్చినది. వీరి సమకాలికులు కోలాచలము శ్రీనివాసరావుగారు (1854–1919) సుమనోరమా సభ పక్షమున చారిత్రక నాటకములు వ్రాసి, మన హంపి శిథిలముల కథనే రంగముపైకి తెచ్చిరి.

ధర్మవరమువారి మేనల్లుడే బళ్ళారి రాఘవ (1880–1946). రాగము తీయుచు పద్యమును సాగదీయుట రాఘవగారికి రుచింపలేదు. మాటను మాటగా పలుకవలెను, పాత్ర హృదయము మాటలో వినిపింపవలెనని ఆయన పట్టు. మేనమామ పాటకు పెద్దపీట వేసెను. మేనల్లుడు మాటకు వేసెను. బళ్ళారిలో పుట్టిన ఈ వివాదము ఈనాటికిని తీరలేదు, ఇయర్‌ఫోనులు అమ్ము దుకాణములోను తీరలేదు. దీనిని మనసున నుంచుకొనుడు, మరల వచ్చెదను.

ఆనాటి నటునకు మైకు లేదు. చిట్టచివర చాపపై కూర్చున్న వానికిని హల్లు హల్లుగా వినిపింపవలెను. అచ్చులు దూరము పోవును, హల్లులు దారిలోనే రాలిపోవును. ఇది ప్రకృతి. ‘ఆ’ యను ధ్వనికి బలమెక్కువ. క, త, ప, స, చ యను ధ్వనులు సన్నని ఊపిరి చప్పుళ్ళు. భాష అర్థమగుట మాత్రము ఆ సన్నని చప్పుళ్ళపైననే ఆధారపడి యున్నది.

ఇక యంత్రము. అలెగ్జాండరు గ్రాహాం బెల్లు 1876లో టెలిఫోనుకు పేటెంటు పొందెను. ఐదేండ్లకే, 1881లో, పారిసు నగరమున జరిగిన విద్యుత్ప్రదర్శనములో క్లెమెంటు అదే యను ఇంజనీరు ఒక వింత చేసెను. సంగీత నాటకశాల వేదికపై మైక్రోఫోనులు అమర్చి, తీగలద్వారా ప్రదర్శనశాలకు ధ్వని తెచ్చి, వినువారికి ఒక్కొక్క చెవికి ఒక్కొక్క గొట్టము ఇచ్చెను. నటుడు కుడినుండి యెడమకు నడచుట కూడ చెవికి తెలిసెనట. తదుపరి ఇదే వ్యాపారమై 1890 మొదలు 1932 వరకు పారిసులో నడచినది. సంగీతమును ఇంట కూర్చుండి చెవిగొట్టముతో వినుట రేడియోకంటె పాతదన్నమాట.

ఇంకొక ఆశ్చర్యము. చెవిలోపల దూర్చు ఇయర్‌ఫోను ఈ కాలపు కుర్రవారి సొత్తని మనమనుకొందుము. 1891లోనే ఎర్నెస్టు మెర్కాడియే యను ఫ్రెంచి ఇంజనీరు రెండు ఔన్సులకు లోబడిన జంట టెలిఫోనుకు అమెరికాలో పేటెంటు పొందెను. దాని కొనలు చెవిరంధ్రములో కూర్చొనునవి. రాపిడి లేకుండుటకును, బయటి చప్పుడు చొరకుండుటకును వానికి రబ్బరు తొడుగులు వేయవలెనని ఆయనయే చెప్పెను. నేడు డబ్బాలో మూడు సైజులలో వచ్చు తొడుగులకు ఆయనయే మూలపురుషుడు. నెత్తిపై పెట్టుకొను హెడ్‌ఫోనులు మెరుగుపడినది 1910లో. అమెరికాలోని యూటా ప్రాంతమువాడగు నథానియేలు బాల్డ్విను తన వంటగదిలో తయారుచేసి ఆ దేశపు నౌకాదళమునకు అమ్మెను.

మన దేశము వంతు ఇచ్చట వచ్చును. ఆచార్య జగదీశచంద్ర బోసుగారు గలీనా స్ఫటికముతో విద్యుత్తరంగములను పట్టు సాధనమునకు 1901లో దరఖాస్తు పెట్టి 1904లో అమెరికా పేటెంటు పొందిరి. అటువంటి స్ఫటికముతోనే క్రిస్టలు సెట్టు అను పేదవాని రేడియో పుట్టెను. దానికి బ్యాటరీ వలదు, కరెంటు వలదు. పొడవైన ఏరియలు తీగ, నేలలో పాతిన మరొక తీగ, స్ఫటికము, హెడ్‌ఫోను చాలును. అయితే ఆకాశమునుండి వచ్చు ఆ రవంత శక్తి ఒక్క మనిషి చెవులకే సరిపోవును. ఇల్లంతయు వినవలెనన్న ఉపాయమేమి? హెడ్‌ఫోనును ఒక పెద్ద గిన్నెలో పెట్టి, చుట్టును కూర్చుండి వినెడివారు. పలు దేశములలో శ్రోతలు ఈ ఉపాయము చేసిరి. లోహపు గిన్నె గోడలు ధ్వనిని పోగుచేసి పైకి పంపును.

చెన్నపట్టణమున సి. వి. కృష్ణస్వామి చెట్టిగారి పూనికతో 1924 మే నెలలో మద్రాసు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బు ఏర్పడి, ఆ సంవత్సరము జూలై 31వ తేదీన ప్రసారము మొదలుపెట్టెను. ప్రసార యంత్రము శక్తి 40 వాట్లు. మా యింటి వంటగది బల్బు ఒకప్పుడు అంతయే వెలుగునది! బళ్ళారికిని చెన్నపట్టణమునకును రైలుమార్గమున 300 మైళ్ళ పైమాట. కావున ఆ క్లబ్బు పాట కంప్లికి వినబడు ప్రశ్నయే లేదు. ధనము చాలక 1927లో అది మూతపడెను. యంత్రమును పట్టణపు కార్పొరేషనుకు అప్పగింపగా, వారు 1930 ఏప్రిలు 1 మొదలు 1938 వరకు నడపి, సముద్రతీరమున, ఉద్యానములందు లౌడుస్పీకర్లు కట్టి ప్రజలకు వినిపించిరి. 1938 జూన్ 16న ఆలిండియా రేడియో మద్రాసు కేంద్రము తెరచుటతో ఆ సేవ ముగిసెను. హెడ్‌ఫోనుతో మొదలైన వినికిడి ఆ విధముగా పదునాలుగేండ్లలో పదిమంది కూడి వినుటగా మారినది. ఇప్పుడది వెనుకకు తిరిగి ఒక్కని చెవిలో చేరినది. ఇది నాకు కొంత దుఃఖము కలిగించు విషయము. కాని బస్సులో ప్రక్కవాని ఫోను కూతలు రెండు గంటలు వినిన నాడు ఆ దుఃఖము తగ్గునని ఒప్పుకొనవలెను.

తెలుగు కేంద్రములు వరుసగా వెలసినవి. విజయవాడ కేంద్రము 1948 డిసెంబరు 1న, కడప కేంద్రము 1963లో ప్రారంభమైనవి. హైదరాబాదులో నిజాము కాలపు దక్కను రేడియో 1950లో ఆలిండియా రేడియోలో కలిసెను. కన్నడమునకు ధారవాడ కేంద్రము 1950 జనవరి 8న వచ్చినది. ఈ నడుమనే మన సరిహద్దు గీత పడినది. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము ఏర్పడినప్పుడు ఆదవాని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రమునకు పోయినవి. బళ్ళారి తాలూకాను గూర్చి జస్టిస్ మిశ్రాగారి విచారణ జరిగి, అందులోని అధికభాగమును, అప్పటికి కంప్లి చేరియుండిన హోసపేట తాలూకాయును మైసూరు రాష్ట్రమున కలిసినవి. భూమిపై గీసిన గీత అది. రాత్రి ఆకాశమున మాత్రము ఏ గీతయు లేదు. పగటివేళ మీడియం వేవు ధ్వనిని వాతావరణపు పైపొరలలో ఒకటి మ్రింగివేయును. సూర్యుడు క్రుంకిన పిదప ఆ పొర సన్నగిల్లి, అంతకు పైనున్న పొరలు అద్దమువలె తరంగములను దూరదేశములకు మరలించును. అందుచేత మాకు పగలు గరగరమను తెలుగు కేంద్రములు రాత్రి ఎనిమిది దాటినంతనే శుభ్రముగా పలికెడివి.

1970 ప్రాంతమున మా తండ్రిగారు ట్రాన్సిస్టరు కొనిరి. దానికి తపాలా కార్యాలయమున లైసెన్సు కట్టవలెను. ఆ చిన్న పుస్తకము నాకిప్పటికిని గుర్తు. దానితోబాటు ఒకే చెవికి పెట్టుకొను తెల్లని బిళ్ల యొకటి, సన్నని తీగతో వచ్చినది. నేను జీవితమున చూచిన మొదటి ఇయర్‌ఫోను అదియే. ఇంట అందరును నిద్రించిన పిమ్మట ఆయన దానిని కుడిచెవిలో పెట్టుకొని నాటకము వినెడివారు. నేను ప్రక్కలో పడుకొని ఆయన ముఖము చూచెడివాడను. ఆయన నవ్విన, ఏదో హాస్యపాత్ర వచ్చినదని. నుదురు ముడిచిన, తరంగము జారిపోయినదని. ఒకనాడు అడుగగా, ఆ బిళ్లను తీసి నా చెవిలో పెట్టిరి. మాట స్పష్టముగా వినిపించెను, పాట రేకు డబ్బాలో పాడినట్లుండెను. ఎందుకట్లని ఆనాడు తెలియలేదు. టెలిఫోను వలె అదియు నడిమి ధ్వనులను మాత్రమే పలుకునది. టెలిఫోను తీగ సెకనుకు 300 మొదలు 3400 కంపనముల వరకే మోయును. మాట అర్థమగుటకు అది చాలవరకు చాలును. మృదంగపు తొప్పి మ్రోతకును, తంబుర జీవమునకును చాలదు.

తరువాతి కథ అందరికిని తెలిసినదే గనుక త్వరగా చెప్పెదను. 1979 జూలైలో సోనీ కంపెనీవారు వాక్‌మాను విడుదల చేసిరి. నడచుచు వినుట మొదలైనది. మన యిండ్లలో క్యాసెట్లు వచ్చినవి. ఘంటసాలగారు పాడి, తాత్పర్యము పలికిన భగవద్గీత 1974 నాటిది. క్యాసెట్ల కాలమున అది చేరని తెలుగిల్లు కంప్లిలో నేను చూడలేదు. తదుపరి సీడీలు, 2001లో ఐపాడు, ఆపై ఫోనులు. ఈ మధ్యలో ఒక్క ఘట్టము మాత్రము ఆగి చెప్పదగినది. అమెరికాలో మీడ్ కిల్లియను అను శాస్త్రజ్ఞుడు చెవిటివారి యంత్రముల రంగమున పనిచేసినవాడు. ఆయన స్థాపించిన ఎటిమోటిక్ సంస్థ 1991లో ఇ.ఆర్.-4 అను ఇయర్‌ఫోనును తెచ్చెను. చెవిలో లోతుగా కూర్చొని, బయటి చప్పుడు మూసి, సంగీతమును ఉన్నదున్నట్లు వినిపించుట దాని లక్షణము. దానిలోని ధ్వనిజనకము చెవిటి యంత్రములలో వాడు చిన్న భాగపు జాతిదే. అనగా నేడు యువకులు విలాసమునకు ధరించునదియు, వృద్ధులు సిగ్గుపడి దాచుకొనునదియు ఒకే తల్లి బిడ్డలు. ఈ మాట నాకు తరువాత పనికివచ్చినది.

ఇక ఎన్నిక. నా తెలివితక్కువను ముందు చెప్పుట న్యాయము. పదవీ విరమణ చేసిన పిదప పాత పద్యనాటకములు, హరికథలు, గీత వినుటకు ఒక ఊరి దుకాణమున ఇయర్‌ఫోను కొంటిని. ఆ ఊరి పేరేల, దుకాణము పేరేల. “బేస్ బహళ చెన్నాగిదె సార్” అని అతడు కన్నడములో సిఫారసు చేసెను. ఇంటికి తెచ్చి గీత పెట్టితిని. ఘంటసాలగారు గాదెలో కూర్చుండి పలుకుచున్నట్లుండెను. మంద్రధ్వనులు ఉబ్బి, మాటలను కప్పివేసినవి. రెండవది వేరొకచోట కొంటిని. అందులో ‘స’కారము వచ్చినపుడెల్ల కుక్కరు ఆవిరి విడిచినట్లుండెను. మేనమామ పక్షము ఒకటి, దానిని మించిన వెర్రి పక్షము మరియొకటి; మేనల్లుడు రాఘవ పక్షమున నిలిచి మాటను మాటగా పలుకునది ఏదియు అంగడిలో ముందువరుసన లేదు. ఎందుకనగా అంగడిలో వినిపించునది సినిమా పాట, అదియు అర నిమిషము.

కావున నేను నేర్చుకొన్నదేమనగా, పరీక్షకు పాటను గాక మాటను తీసుకొనవలెను. గీతవంటిది మేలు, ఏలయనగా అందులో శ్లోకము పాటగాను, తాత్పర్యము మాటగాను ఒకే కంఠమున వచ్చును. తాత్పర్యమునకు ధ్వని పెంచి, శ్లోకమునకు తగ్గింపవలసి వచ్చిన ఇయర్‌ఫోను మనకు పనికిరాదు. రెండును ఒకే మట్టమున హాయిగా వినిపింపవలెను. పాత రికార్డులలో సెకనుకు ఐదారువేల కంపనములకు పైబడిన ధ్వని స్వల్పము. మీడియం వేవులో వచ్చినవానిలోను అంతే. లేనిదానిని వినిపించుటకు వేలకు వేలు పోయుట వృథా. పై ధ్వనులను మితిమీరి పెంచు ఇయర్‌ఫోను పాత రికార్డులోని గీతల చప్పుడునే పెంచును.

ధరకంటె ముఖ్యమైనది తొడుగు. చెవిరంధ్రము సుమారు ఒక అంగుళము పొడవు. తొడుగు దానిని చక్కగా మూసిననే మంద్రధ్వని నిలుచును. వెంట్రుకవాసి సందున్నను కారిపోవును. మృదంగము వలంతల మాత్రమే వినబడి తొప్పి వినబడలేదనిన, లోపము ఇయర్‌ఫోనుది కాదు, తొడుగుది. డబ్బాలోని మూడు సైజులను మార్చి చూడుడు. నాకు కుడిచెవికి పెద్దది, ఎడమచెవికి నడిమిది సరిపోయినవి. రెండు చెవులును ఒకటే యనుకొనుట పొరపాటు. స్పాంజి తొడుగులు మెత్తగా నుండి బాగుగ మూయును, కాని త్వరగా మాయును. తొడుగులను వారమున కొకమారు తీసి తుడువవలెను. చెవి తడిగా నున్నపుడు, పుండుగా నున్నపుడు పెట్టరాదు.

తీగ యుండవలెనా, లేకుండవలెనా? తీగలేనివి సుఖము, కాని వానిలోని గింజంత బ్యాటరీ కొన్నేండ్లకు నీరసించును, మార్చుట సామాన్యముగా కుదరదు. తీగ గలవి చౌక, మన్నును; అయితే తీగ చొక్కాకు రాచుకొనిన చప్పుడు చెవిలో పిడుగువలె నుండును, పైగా కొత్త ఫోనులు పెక్కింటికి తీగ దూర్చు రంధ్రమే లేదు. కొనకముందు ఫోనును త్రిప్పి చూచుకొనుడు. బయటి రొదను అణచు విద్య గలవి బస్సు ఇంజను హోరును, ఫంకా మ్రోతను బాగుగ అణచును, ప్రక్కవారి మాటలను అంతగా అణచవు. వానిని పెట్టుకొని కంప్లి వంతెనపై నడచుట ప్రాణముతో చెలగాటము. వడ్ల లారీ వెనుకనుండి వచ్చునది తెలియదు. ఒక చెవి మందగించినవారు ఫోను సెట్టింగులలో ‘మోనో’ అను మీటను వెదకవలెను. అది రెండు ప్రక్కల ధ్వనిని కలిపి రెండు చెవులకును ఇచ్చును.

మూడవ ఇయర్‌ఫోను నా మేనల్లుడు బెంగళూరినుండి తెచ్చెను. అది మేలైనదే. కాని దానిలోను కొన్ని మాటలు నాకు తారుమారుగా వినబడుచుండెను. అపుడొక పరీక్ష కల్పించితిని. తెలుగులో కాలు, పాలు, తాలు, చాలు అను నాలుగు మాటలు కలవు. అచ్చులన్నియు ఒకటే, మొదటి హల్లొక్కటే భేదము. వీనిని వెనుకముందుగా ఇరువది మార్లు పలికి ఫోనులో నింపుమని, హైస్కూలు చదువుచున్న మా మనుమరాలికి చెప్పితిని.

ఆమె కాగితము చూచి, “తాతా, తాలు అంటే ఏమి?” అనెను.

వరి పండు ఊరిలో పుట్టిన పిల్ల. ఆమెకు కన్నడపు ‘జొళ్ళు’ తెలియును, తాలు తెలియదు. నేను చాట తెప్పించి, గుప్పెడు వడ్లు పోసి చెరిగి చూపించితిని. గట్టిగింజ నిలిచినది, తాలు ఎగిరిపోయినది. “ఓహో, జొళ్ళా!” అని ఆమె వెళ్ళి మాటలు నింపుకొని వచ్చెను.

ఇరువదింటిలో నాకు సరిగా తెలిసినవి తొమ్మిది. ఇయర్‌ఫోను మార్చి మరల వింటిని, పది. గాదె ఇయర్‌ఫోనుతో ఆరు. మా కోడలు అవే ఇయర్‌ఫోనులతో వినగా ఇరువదికి ఇరువదియు చెప్పెను, గాదె ఇయర్‌ఫోనుతో మాత్రము రెండు తప్పినది. ఇంతకాలము దుకాణదారులను తిట్టుకొనుచుంటిని. లోపము సగము నా చెవులదే.

బళ్ళారికి పోయి చెవి వైద్యునకు చూపించుకొంటిని. ఆయన గీసిన పటములో గీత ఎడమప్రక్క మట్టసముగా నుండి కుడిప్రక్క కొండదిగినట్లు దిగెను. వయసు మీరినకొలది చెవి మొదట పోగొట్టుకొనునది పైధ్వనులనట. సన్నని హల్లులు పెక్కు అచ్చటనే యుండును. అచ్చులు వినబడును గనుక మనకు వినికిడి యున్నదనియే అనుకొందుము, ఎదుటివారు గొణుగుచున్నారని కసరుకొందుము. ధ్వని పెంచుట మందు కాదు, విషము. ప్రపంచ ఆరోగ్య సంస్థవారు పెద్దలకు చెప్పిన మేర 80 డెసిబెళ్ళ ధ్వని వారమునకు 40 గంటలు. ఆపై ప్రతి మూడు డెసిబెళ్ళకును కాలము సగమగును. 83కు 20 గంటలు, 86కు 10 గంటలు. నేను ఆ యేడాది ఎంత పెంచి వినియుంటినో తలచుకొనిన భయము వేయుచున్నది. మన పిల్లలు వినుచున్నది అంతకంటె ఎక్కువ. ఫోనులలో ఇపుడు ధ్వనికి హద్దు పెట్టు వసతి కలదు. దానిని పెట్టి యిచ్చిన పిదపనే పిల్లలకు ఇయర్‌ఫోను ఇయ్యుడు.

చెవిటి యంత్రము పెట్టుకొనుమని వైద్యుడు చెప్పిన తరువాత ఆరు నెలలు జాగుచేసితిని. చెవిటివాడందురను సిగ్గు. కిల్లియనుగారి కథ చదివిన పిమ్మట, కుర్రవాండ్రు వీధిలో ధరించి తిరుగుదానికి దీనికిని వంశమొకటే గదాయని మనసు కుదుటపడెను. ఇప్పుడు పెట్టుకొనుచున్నాను.

ఒక సాయంకాలము క్రిస్టలు సెట్టును, గిన్నెను గూర్చి మనుమలకు చెప్పగా, చిన్నవాడు నా ఇయర్‌ఫోనును ఇత్తడి గుండుచెంబులో వేసెను. దోమ పాడినట్లు వినిపించెను. వాడు ఆలోచించి ఫోనునే చెంబులో నిలిపెను. వసారా అంతయు గీత వినిపించెను. ప్రక్కయింటి కన్నడ అమ్మగారు గుమ్మమున నిలిచి శ్లోకమంతయు విని, తాత్పర్యము రాగానే “ఇది నమగె తిళియల్ల” అని నవ్వి లోపలికి పోయిరి. మా పిల్లలు మాత్రము తాత్పర్యమే వినిరి. నడుమ నడుమ నన్ను ఆ మాటకు ఏమి, ఈ మాటకు ఏమి యని అడిగిరి. అప్పటినుండి శనివారములందు చెంబు వసారాలోనికి వచ్చుచున్నది. తక్కిన దినములందు ఎవరి చెవి వారిదే.

మొన్న ఉగాది తరువాత అదే పరీక్ష చెవిటి యంత్రముతో, ఇయర్‌ఫోను లేకుండ, మనుమరాలు ఎదుట కూర్చుండి నోటికి కాగితము అడ్డము పెట్టుకొని పలుకగా మరల చేసితిమి. ఇరువదింటికి పదునారు వచ్చినవి. తాలును రెండు మార్లు పాలనియే చెప్పితిని. గుర్తులు వేసిన కాగితమున ఆమె నాలుగు మాటలను కన్నడ అక్షరములతో వ్రాసియుండెను. అర్థము మాత్రము అడుగలేదు.